రాయగడ ఎర్ర బురదలో మా పాత సఫారీ: ఏది పనికొచ్చింది, ఏది దండగ

మాది 2010 మోడల్ సఫారీ డైకార్, 2.2 లీటర్ల ఇంజిన్, ఫోర్ బై ఫోర్. నాన్న కొన్న బండి. పెళ్లిళ్లకి, పార్వతీపురంలో డాక్టర్ దగ్గరికి, సింహాచలం మొక్కులకి తిరిగి తిరిగి చివరికి నా చేతికొచ్చింది. నాది నీలగిరి కలప వ్యాపారం. నేను కొనే తోటలు ఒడిశాలో రాయగడ జిల్లా కళ్యాణసింగుపురం, బిస్సం కటక్, మునిగూడ వైపు ఉంటాయి. తారు రోడ్డు అయిపోయాక ఇంకో మూడు నాలుగు కిలోమీటర్లు లోపలికి పోవాలి. వానలు మొదలైతే ఆ దారంతా ఎర్ర బురదే. వేరే బండి కొనే ఉద్దేశం లేక దీన్నే కొన్నేళ్లుగా కొంచెం కొంచెం మార్చుకుంటూ వచ్చాను. ఆదివారం వస్తే మళ్లీ ఇందులోనే అమ్మ, మా ఆవిడ, పిల్లలు ఎక్కాలి. ఆ షరతు లేకపోతే నేను చెప్పేది వేరేలా ఉండేది.

పెట్టిన డబ్బులో ఎక్కువ ఫలితం ఇచ్చినవి టైర్లు. కంపెనీ సైజు 235/70 ఆర్16, అంటే వెడల్పు 235 మిల్లీమీటర్లు, టైరు గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 16 అంగుళాలు. హైవే టైరుతో తడి ఎర్రమట్టిలోకి దిగితే పది గజాల్లో గాడులన్నీ పూడుకుపోయి టైరు నున్నగా గుండు కొట్టించుకున్నట్టు తయారవుతుంది. అప్పుడు ఫోర్ వీల్ వేసినా లాభం లేదు, నాలుగు చక్రాలూ ఉన్నచోటే తిరిగి బండి నెమ్మదిగా పల్లం వైపు జారుతుంది. తారుకీ మట్టికీ రెండింటికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు వేశాక జారడం పూర్తిగా పోలేదు గానీ, కాస్త వేగం మీద చక్రం తిరిగితే మట్టి ముద్దలు ముద్దలుగా ఎగిరిపోయి మళ్లీ పట్టు దొరుకుతుంది. తేడా అక్కడే.

సైజు దగ్గర షాపువాళ్ల మాటలకి పడిపోకండి. నేను వేసింది 245/70 ఆర్16. దీని వ్యాసం పాతదానికన్నా 14 మిల్లీమీటర్లు ఎక్కువ, అంటే బండి కింద ఖాళీ పెరిగేది అందులో సగం, 7 మిల్లీమీటర్లు. "బండి లేస్తుంది సార్" అని వాళ్లు చెప్పేది ఈ ఏడు మిల్లీమీటర్ల గురించే. 245/75 వేస్తే ఆ ఖాళీ 19 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది నిజమే. కానీ స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే బండి 105 మీద పోతుంటుంది, బరువు మీద ఎక్కేటప్పుడు గేరు నీరసంగా అనిపిస్తుంది, స్టీరింగ్ పూర్తిగా కోస్తే టైరు లోపలి ప్లాస్టిక్‌కి ఒరుసుకునే భయం ఒకటి. బురద కోసమే చేసే మడ్ టెరైన్ టైర్ల జోలికి పోలేదు. మా తిరుగుడులో ముప్పాతిక తారు రోడ్డే. తడి తారు మీద ఆ టైర్లు బ్రేకు సరిగ్గా పట్టవు, పైగా ఆ మోతకి వెనక సీట్లో అమ్మ మాట ముందుకి వినపడదు. నేను వేసిన ఆల్ టెరైన్‌తో కూడా మైలేజీ లీటరుకి పదకొండు వచ్చేది పదికి దిగింది. ఒప్పుకున్నాను.

టైర్లతో పాటు కొన్న చిన్న కంప్రెసర్‌ని వాటికన్నా ఎక్కువ మెచ్చుకుంటాను. బ్యాటరీకి నేరుగా క్లిప్పులు పెట్టేది తీసుకోండి, సిగరెట్ లైటర్‌లో గుచ్చేవి ఇంత టైరుకి చాలవు. తారు మీద 32 పీఎస్ఐ ఉండే గాలిని తోట దారిలోకి దిగేముందు 22కి తగ్గిస్తాను. టైరు కింద భాగం పరుచుకుని నేలని ఎక్కువ పట్టుకుంటుంది, రాళ్ల మీద కుదుపూ తగ్గుతుంది. తిరిగి తారు ఎక్కగానే నింపాల్సిందే. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు గోడ వేడెక్కి పగిలిపోతుంది.

ఇక ఎత్తు పెంచడం. సఫారీకి ముందు టార్షన్ బార్ (స్ప్రింగులా మెలితిరిగే ఇనప కడ్డీ), వెనక కాయిల్ స్ప్రింగులు. ముందు ఆ కడ్డీ బోల్టు కొన్ని చుట్లు బిగిస్తే చాలు, మూతి పైకి లేస్తుంది. పైసా ఖర్చు లేదు కాబట్టి ఏ మిస్త్రీ అయినా ముందు చెప్పేది ఇదే. అయితే చక్రం పైకీ కిందికీ కదిలే మొత్తం దూరం బోల్టు బిగించినంత మాత్రాన పెరగదు. బండిని పైకి లేపిన మేరకు చక్రం కిందికి దిగే దూరం తగ్గిపోతుంది. గుంటలో ఒక చక్రం దిగాల్సిన చోట దిగకుండా గాల్లో వేలాడుతుంది. ముందు యాక్సిల్ షాఫ్టుల కోణం ఏటవాలుగా మారి వాటి రబ్బరు బూట్లు చిరుగుతాయి, పై బాల్ జాయింట్లు తొందరగా అరుగుతాయి. అందుకే ముందు ఒక్క అంగుళం దగ్గర ఆపించి, వెంటనే అలైన్‌మెంట్ చేయించాను. వెనక మాత్రం కొంచెం గట్టి స్ప్రింగులు వేయించాను. ఎప్పుడూ చెయిన్ పుల్లీ, డీజిల్ డబ్బాలు, నలుగురు కూలీలు ఉండే బండి కాబట్టి దానికి లెక్క కుదిరింది. ఖాళీగా పోతే వెనక కొంచెం ఎగరేస్తుంది.

అంతకన్నా ముందు చేయించింది షాకబ్జర్లు, బుష్‌లు అన్నీ కొత్తవి వేయించడం. ఫొటో తీసి చూపించుకోవడానికి ఏమీ ఉండదు గానీ, పాత బండికి అదే సగం మోడిఫికేషన్. సాలూరు ఘాట్‌లో మా ఆవిడకి వాంతులు ఆగింది ఈ పని తర్వాతే.

ఇంట్లో పెద్ద చర్చ జరిగింది ఫుట్‌బోర్డుల మీద. అల్యూమినియం ఫుట్‌బోర్డు తోట దారిలో మొదట తగిలేది. రాయి మీద బండి నడుము ఆనగానే లోపలికి వంగి తలుపు తెరుచుకోకుండా చేస్తుంది. తీసేద్దామంటే మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఎక్కేదెలా? చివరికి గేట్లు, గ్రిల్సు చేసే ఒక వెల్డింగ్ షాపులో మందపాటి ఇనప పైపుతో స్లైడర్లు, అంటే తలుపుల కింద బండి నడుముని కాచే పైపులు చేయించాను. ఛాసిస్‌కి ప్లేట్లు బిగించి, బోల్టుల మీద నిలబెట్టారు. బండి బరువు మొత్తం వాటి మీద పడినా వంగవు, జాకీ కూడా అక్కడే పెట్టొచ్చు. అమ్మ కాలు జారకుండా పైన గరుకు పట్టీ అంటించాం. మొత్తం బండిలో నాకు బాగా నచ్చిన పని ఇది.

వాగులు దాటేవాళ్లు తప్పకుండా చేయించాల్సింది డిఫరెన్షియల్ బ్రీదర్, అంటే చక్రాలకి బలం పంచే గేర్ల పెట్టెకి గాలి ఆడే చిన్న రంధ్రం పని. పరుగెత్తి వేడెక్కిన డిఫరెన్షియల్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని బ్రీదర్ గుండా నీళ్లని పీల్చుకుంటుంది. ఆయిల్ తెల్లగా మారిందంటే అదే. బ్రీదర్‌కి రబ్బరు పైపు తగిలించి బానెట్ లోపల ఎత్తుగా కట్టేస్తే సరి, ఖర్చు వందల్లోనే. ఇంజిన్‌కి గాలిని పైనుంచి అందించే గొట్టం, స్నార్కెల్, పెట్టించలేదు. అది ఉంటే లోతు నీళ్లలోకి దిగాలనిపిస్తుంది. 2017 జూలైలో తెరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెననే కొట్టుకుపోయిన వరదలు చూశాం. చక్రం బొడ్డు దాటి పారుతుంటే ఒడ్డునే ఆగుతాను.

దిగబడ్డ బండిని తాడుతో లాగే వించ్ కూడా లేదు. దాన్ని పెట్టే ముందు గార్డులను కేంద్రం 2017 డిసెంబరులోనే వద్దంది, వించ్ బరువంతా ముందు చక్రాల మీదే. బురదలో దిగబడితే మా వైపు దిక్కు ట్రాక్టరే. అయితే ట్రాక్టర్ అబ్బాయి తాడుని చేతికందిన చోట, అంటే స్టీరింగ్ రాడ్డుకో కింది ఆర్మ్‌కో కట్టేసి లాగుతాడు. అందుకని ముందు వెనక ఛాసిస్‌కి గట్టి హుక్కులు బిగించి ఎర్ర పెయింట్ వేశాను. "తమ్ముడూ, ఎర్రగా కనిపిస్తోందే, అక్కడే కట్టు. ఇంకెక్కడా కట్టకు" అని చెప్తే చాలు.

ఫోర్ వీల్ స్విచ్ గురించి ఒక మాట. పాత బండ్లలో దీన్ని తిప్పే చిన్న మోటారు వాడకం లేకపోతే బిగుసుకుపోతుంది. పని లేకపోయినా నెలకోసారి మట్టి నేల మీద 4హెచ్ (మామూలు వేగానికి ఫోర్ వీల్), బండి ఆపి 4ఎల్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగడానికి) వేసి తీయండి. పొడి తారు మీద మాత్రం వద్దు, ముందు వెనక షాఫ్టులు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి.

లైట్ల మీద డబ్బు దండగ. రాత్రి తోటల్లోకి పోయే పని ఎవరికుంది?

చట్టం సంగతి తెలిసే దిగాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. నేను కావాలనే బోల్టు విప్పితే పాత రూపం వచ్చే మార్పులే ఎక్కువ ఎంచుకున్నాను. 15 ఏళ్లు దాటిన కారుకి ఆర్‌సీ రెన్యువల్ ఫీజుని 2022 ఏప్రిల్‌లో 5,000 రూపాయలు చేశారు, దానికి ముందు ఫిట్‌నెస్ పరీక్ష. ఆ పరీక్షకి పాత సైజు టైర్లు వేసి, స్లైడర్లు విప్పి తీసుకెళ్లాను. కాబట్టి మీ పాత టైర్లు, రిమ్ములు అమ్మేయకండి, అటక మీద పడేయండి.

ఇప్పుడు ఆల్ టెరైన్ సెట్ అరుగుదల గుర్తు దాకా వచ్చింది. వానలకి ముందు మళ్లీ అదే సైజు వేయిస్తున్నాను, ఈసారి స్టెప్నీతో కలిపి ఐదూ.