విశాఖలో పన్నెండో అంతస్తా, గోపాల్‌పూర్‌లో ఇసుక ఒడ్డా: అమ్మానాన్నలకి ఏది మేలు?

అమ్మానాన్నల పెళ్లయి నలభై ఏళ్లు నిండిన ఏడు అన్నయ్య ఒక మాట అన్నాడు. "వీళ్ల వయసంతా మగ్గం గుంట దగ్గరే గడిచింది. ఒక్క రాత్రయినా ఎత్తున కూర్చోబెడదాంరా."

మాది బరంపురం. పట్టు నేసే ఇల్లు. 1936లో ఒడిశా విడిగా ఏర్పడి మా ఊరు మద్రాసు నుంచి ఇటు వచ్చినా, పట్నం అంటే మా ఇళ్లలో ఇప్పటికీ విశాఖపట్నమే. అందుకే బీచ్ రోడ్డు వైపు, రూఫ్‌టాప్ రెస్టారెంట్ ఉన్న పెద్ద హోటల్లో గదులు తీసుకున్నాం. నిరుడు అదే పెళ్లిరోజుకి గోపాల్‌పూర్‌లో, సముద్రం ఒడ్డున రెండంతస్తుల హోటల్లో ఉన్నాం. రెండు చోట్లా ఉండి వచ్చాక నాకు తేలింది ఒకటి. ఎత్తు మీద భోంచెయ్యడం వేరు, ఎత్తు మీద పడుకోవడం వేరు. మనం రెండింటినీ ఒకటే అనుకుని డబ్బు కడుతున్నాం.

ముందు ప్రయాణం సంగతి. విశాఖకి రైల్లో నాలుగైదు గంటలు. భువనేశ్వర్–విశాఖ వందే భారత్ బరంపురంలో ఆగుతుంది కాబట్టి పెద్దవాళ్లకి అది సుఖం. కారైతే ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం మీదుగా సుమారు 270 కిలోమీటర్లు. గోపాల్‌పూర్ మాకు పదిహేను కిలోమీటర్లే. అమ్మ తులసికోటకి నీళ్లు పోసి, పక్కింటివాళ్లకి తాళం ఇచ్చి, తీరిగ్గా బయల్దేరవచ్చు.

దూరం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది చెక్ ఇన్ టైము. పెద్ద హోటళ్లలో గది మధ్యాహ్నం రెండింటికో మూడింటికో ఇస్తారు, మర్నాడు పదకొండు, పన్నెండుకల్లా ఖాళీ చెయ్యాలి. మేం పదకొండింటికే చేరాం. మూడు గంటలు లాబీలో కూర్చున్నాం. సోఫాలు మెత్తగానే ఉన్నాయి గానీ నాన్న కాళ్లు వాచిపోయాయి. ముందే ఫోన్ చేసి, "పెద్దవాళ్లున్నారు, కాస్త ముందుగా ఒక్క గదైనా ఇవ్వగలరా" అని అడిగి ఉండాల్సింది. అడిగితే చాలాచోట్ల ఇస్తారు. నేను అడగలేదు.

గదిలోకి వెళ్లాక మాత్రం ఆ అలసట ఎగిరిపోయింది. పన్నెండో అంతస్తు, సముద్రం వైపు. ఒక పక్క డాల్ఫిన్ నోస్ కొండ, ఇంకో పక్క కైలాసగిరి, కింద రోడ్డు పక్కన కురుసుర సబ్‌మెరైన్ పిల్లల బొమ్మలా ఉంది. చీకటి పడ్డాక, రేవులోకి వెళ్లడానికి వంతు కోసం ఆగిన ఓడల దీపాలు కనిపించాయి. నాన్న కుర్చీ జరుపుకుని వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పోగులు లెక్కపెట్టే అలవాటు ఎక్కడికి పోతుంది! అమ్మ మాత్రం అద్దం దగ్గరకి రాలేదు. కింద చూస్తే కళ్లు తిరుగుతున్నాయంది. మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. డబ్బంతా పోసింది ఆ అద్దం కోసమే కదా అని నాకు మనసు చివుక్కుమంది.

తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే, అమ్మ ఒక్కతే అద్దం ముందు నిలబడి ఉంది. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నేరుగా నీళ్లలోంచే లేస్తాడు. "ఒరేయ్, పడవలు చూడరా, చీమల బారులా వస్తున్నాయి" అంది. ఆ ఒక్క మాటకి ఎంత ఖర్చయినా పెట్టవచ్చు. మళ్లీ ఎవరైనా విశాఖలో ఎత్తున గది తీసుకుంటానంటే, రాత్రి వెలుగుల కోసం కాదు, ఆ తెల్లవారు కోసం తీసుకోమంటాను. గది సముద్రం వైపే కావాలని బుక్ చేసేటప్పుడే రాయించుకోవాలి. ఊరివైపు గదికైతే ఎత్తు దండగ.

ఇక రూఫ్‌టాప్. పైన గాలి బాగా వీస్తుంది, దీపాలు తక్కువ, కుర్చీలు ఎత్తు. పెద్దవాళ్లకి మెనూ చదవడానికి ఫోన్ లైటు పట్టుకోవాల్సి వచ్చింది. వంజరం చేప వేపుడు బాగుంది. అమ్మ పెరుగన్నం అడిగితే మెనూలో లేకపోయినా వంటవాళ్లు కలిపి ఇచ్చారు, అందుకు వాళ్లకి దండం పెట్టాలి. సగం భోజనంలో చినుకులు మొదలయ్యాయి. ప్లేట్లతో సహా అందరినీ కింది హాల్లోకి దింపేశారు. గాలీ వానా వస్తే హోటల్లో ముందుగా మూసేది పై అంతస్తునే. మా తీరానికి అక్టోబరు ఎలాంటి నెలో మనకి తెలుసు. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, సరిగ్గా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు వచ్చింది. దసరా సెలవులని ఆ రోజుల్లోనే చాలామంది బుక్ చేస్తారు. రూఫ్‌టాప్ కోసమే వెళ్లేవాళ్లు పుష్యం, మాఘం దాకా ఆగితే మంచిది.

ఆ రాత్రి నిద్ర మాత్రం లేదు. మా గది రెస్టారెంట్‌కి సరిగ్గా కింద. కుర్చీలు ఈడ్చే చప్పుడు, పాటల దడదడ పన్నెండు దాటినా ఆగలేదు. రిసెప్షన్‌కి రెండుసార్లు ఫోన్ చేశాం. వేరే గది లేదన్నారు. పై అంతస్తు గది ఇస్తామని వాళ్లు చెబితే మేం గొప్ప అనుకున్నాం. రూఫ్‌టాప్ ఉన్న హోటల్లో కనీసం మూడు నాలుగు అంతస్తులు కిందకి గది అడగండి. దృశ్యం ఏమీ తగ్గదు, నిద్ర దక్కుతుంది.

బిల్లు దగ్గర ఒక లెక్క చెప్పాలి, ఇది చాలామందికి తెలియదు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం. దానికి ఒక్క రూపాయి దాటినా మొత్తం మీద 18 శాతం. 7,500 గదికి చేతి నుంచి పోయేది 7,875. 7,600 గదికి 8,968. వంద రూపాయల తేడా వెయ్యి దాటి కూర్చుంటుంది. అంత ఖరీదు గదులున్న హోటల్లో భోజనం మీద కూడా 18 శాతమే, బయట మామూలు రెస్టారెంట్‌లో అయితే 5. సర్వీస్ ఛార్జీ అని విడిగా వేస్తే తీసెయ్యమని అడగండి. దాన్ని బిల్లులో దానంతట అది కలపకూడదని 2022లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది.

ఎత్తైన చోట మరో జాగ్రత్త. గదిలోకి వెళ్లగానే తలుపు వెనక అంటించిన పటం చూసి, మెట్లు ఎటున్నాయో పెద్దవాళ్లకి నడిపించి చూపించాలి. నిప్పు అంటుకుంటే లిఫ్ట్ ఎక్కకూడదు. నాన్న లాంటివాళ్లు పన్నెండు అంతస్తులు దిగగలరా అన్న ప్రశ్న నన్ను ఆ రాత్రి వదల్లేదు. అయిదో ఆరో అంతస్తు అయితే ఈ టెన్షన్ సగం తగ్గేది.

గోపాల్‌పూర్‌లో ఇవేవీ లేవు. తలుపు తీస్తే వరండా, వరండా దిగితే తోట, తోట దాటితే ఇసుక. ఈ ఊరు ఒకప్పుడు రేవు. రంగూన్‌కి మనవాళ్లు ఇక్కడే ఓడ ఎక్కేవారు. పాత గోదాముల గోడలు కొన్ని ఇంకా ఉప్పుగాలికి చిల్లులు పడి నిలబడి ఉన్నాయి. మా ముత్తాత తమ్ముడు ఒకాయన అలా వెళ్లి తిరిగి రాలేదని నాన్న ఆ గోడల దగ్గరే మొదటిసారి చెప్పారు. విశాఖ గదిలో ఇలాంటి కబురు ఒక్కటీ బయటికి రాలేదు. ఒడ్డున వల విప్పుతున్న జాలరి ఆవిడతో అమ్మ గంటసేపు మాట్లాడింది. ఒడియాలో నోలియా అని పిలిచే ఆ జాలర్ల ఇంటిభాష తెలుగే. ఆవిడ దగ్గర కొన్న చందువ చేపని హోటల్ వంటింట్లో ఇచ్చి వండించుకున్నాం.

అక్కడా ఇబ్బందులున్నాయి. మా హోటల్లో లిఫ్ట్ లేదు, పైగదికి మెట్లు ఎక్కాలి. నాన్న మోకాళ్లకి నిజంగా విశాఖే మేలు, కారు దిగినచోటు నుంచి మంచం దాకా ఒక్క మెట్టు లేదు. గోపాల్‌పూర్‌లో కింది గదే కావాలని గట్టిగా పట్టుబట్టాం. కెరటాల లాగుడు కూడా ఎక్కువ, మోకాలి లోతు దాటి ఎవరినీ వెళ్లనివ్వకూడదు. రాత్రి ఎనిమిది దాటితే ఊళ్లో చెయ్యడానికి ఏమీ ఉండదు. మా అన్నయ్య కొడుకు పదింటికల్లా విసిగిపోయాడు. వాడికి విశాఖలో అద్దాల లిఫ్టే పండగ.

మొన్న చెల్లి పర్లాకిమిడి నుంచి ఫోన్ చేసి, అత్తగారినీ మావగారినీ ఎక్కడికి తీసుకెళ్లమంటావని అడిగింది. ఆవిడకి ఎత్తంటే భయం, ఆయనకి ఇంట్లో కూర్చుంటే తోచదు. విశాఖకే వెళ్లమన్నాను, కానీ పడుకోవడానికి చుట్టాలింట్లోనో ఆరో అంతస్తుకి మించని గదిలోనో ఉండి, రూఫ్‌టాప్‌కి భోజనానికి మాత్రం ఎక్కమన్నాను. గది తీసుకోనివాళ్లకి కూడా అక్కడ బల్ల ఇస్తారు, ముందు రోజు ఫోన్ చేస్తే చాలు. మా ఇంట్లో మాత్రం ఈసారి పెళ్లిరోజుకి గోపాల్‌పూర్‌లోనే, కింది అంతస్తులో రెండు గదులు చెప్పేశాం. అన్నయ్య కొడుక్కి తోడుగా పిన్ని పిల్లల్ని కూడా రమ్మన్నాం.