మోజెల్‌లో పానకం, ఒక దొంగ బిల్లు

రూమ్ 118 యూరోలని చూపించి, తీరా తాళం చేతిలో పెట్టేటప్పుడు లాడ్జి ఓనరు ‘క్లీనింగ్‌కి ఇంకో 25’ అన్నాడు. అదీ క్యాషే ఇవ్వాలట. ఒక్క రాత్రికి 143! కిటికీ కింద బార్, ఒంటిగంట దాకా పాటలు. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోతేనే నాకు టెన్షన్.

ఇది 2025 అక్టోబర్‌లో, జర్మనీలోని కోఖెమ్ అనే వైన్ ఊళ్లో. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లోకల్ రైళ్లన్నీ 58 యూరోల నెలవారీ టికెట్‌లోనే అయిపోయాయి.

సాయంత్రం మోజెల్ నది ఒడ్డున ఓ హోటల్లో ‘రీస్లింగ్’ (అక్కడి తెల్ల ద్రాక్ష వైన్) అని మాత్రమే అడిగాను. చిన్న గ్లాసు 7.50. మా బావమరిది ఒక గుక్క వేసి, “బావా, ఇందులో మిరియాలు, యాలకులు వేస్తే శ్రీరామనవమికి పంచొచ్చు” అన్నాడు. నిజమే, శుద్ధ పానకం. తప్పు నాదే. ‘ట్రాకెన్’ (డ్రై, అంటే తీపి లేనిది) అని అడగాలి. ఆ మాట లేబుల్ మీద ఉంటే లీటరుకు చక్కెర 9 గ్రాములు దాటకూడదు. ‘ఫైన్‌హెర్బ్’ అని ఉంటే కాస్త తీపి తగులుతుంది. ఏమీ రాయకపోతే అనుమానించండి.

మర్నాడు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు సొరంగం దాటి ఎడిగర్-ఎల్లర్‌లో దిగాం. అక్కణ్ణుంచి బ్రెమ్ వరకు కాల్మాంట్ కొండ. ద్రాక్షతోటలు కొన్నిచోట్ల 65 డిగ్రీల ఏటవాలు. ఇనుప తాడు పట్టుకుని నడవాలి. కాళ్ల కింద పలక రాళ్లు జారుతుంటాయి. మధ్యాహ్నం ఒకటి తీసి చూశా, గోరువెచ్చగా ఉంది. పగలు తాగిన ఎండని రాత్రి వదులుతుందట ఆ రాయి. అంత చలి దేశంలో ద్రాక్ష పండేది అందుకే, పులుపు పోనిది ఆ చలి వల్లే.

బ్రెమ్‌లో ఓ రైతు ఇంటి గుమ్మానికి కొమ్మల గుత్తి వేలాడుతోంది. సొంత వైన్ అమ్ముతున్నామని గుర్తు. ఏడాదికి నాలుగు నెలలే, నలభై సీట్లకు మించకుండా తెరవొచ్చు. ఇక్కడా క్యాషే, కానీ బోర్డు మీద ముందే రాశారు. అదే కొలత డ్రై రీస్లింగ్ 3.80. ముక్కు దగ్గర పెడితే నిమ్మతొక్క గిల్లిన వాసన, పచ్చి యాపిల్ వాసన. నోట్లో పోస్తే ఉసిరికాయ కొరికినట్టు దవడలు జివ్వుమన్నాయి. తీపి ఆనవాలు లేదు.

తర్వాత పెద్దావిడ పాత సీసా ఒకటి తెరిచింది. “కిరసనాయిలు, బావా!” అని మావాడు గ్లాసు దూరం పెట్టాడు. ఆవిడ నవ్వింది. రీస్లింగ్‌కి వయసొస్తే ఆ వాసనే వస్తుందట. రెండో గుక్కకి వాడే ఖాళీ చేశాడు. ఉల్లిపాయ టార్ట్‌లో తరచూ పంది మాంసం ఉంటుంది, శాకాహారులు అడిగి తినండి. మా ఆవిడ రొట్టె, చీజ్, ద్రాక్షరసంతో సరిపెట్టుకుంది, మౌనంగానే.

సీసా 8 యూరోలు, ఆరు కొన్నా. మోసింది బావమరిది. కోబ్లెంజ్‌లో రైలు మారుతుంటే మా ఆవిడ మొదటిసారి నోరు విప్పింది: “ఆ క్లీనింగ్ డబ్బులు పెడితే ఇంకో మూడు వచ్చేవి.”