అద్దెలు పోల్చే సైట్లు: ఏడేళ్లు వాడాక

ఏడేళ్లలో మూడు దేశాలు మారాను. ప్రతిసారీ ఆఫర్ లెటర్ రాగానే మొదట తెరిచింది, రెండు నగరాల ఖర్చుల్ని పక్కపక్కన పెట్టి చూపించే సైట్లనే. ఇప్పటికీ తెరుస్తున్నాను. ఈ జీతంతో ఆ ఊళ్లో ఇల్లు దొరుకుతుందా, జీతమంతా అద్దెకే పోతుందా అన్న భయం పది నిమిషాల్లో సగం తగ్గుతుంది. ఒక బెడ్‌రూమ్‌కి ఎంత, మూడింటికి ఎంత, సిటీ మధ్యలో ఎంత, శివార్లలో ఎంత అన్న అంచనా వరకు ఇవి బాగా పనికొస్తాయి. ఆ అంకెను పట్టుకుని ఇంటి బడ్జెట్ వేసుకుంటేనే దెబ్బ తింటాం.

నా మొదటి దెబ్బ సిడ్నీలో. ఆస్ట్రేలియాలో అద్దె వారానికి చెబుతారు. వారానికి 500 డాలర్లంటే నెలకు 2,000 అని రాసుకున్నాను. ఏడాదికి 52 వారాలు కాబట్టి అసలు లెక్క 26,000, అంటే నెలకు సుమారు 2,167. నేను వేసుకున్న ఏడాది లెక్కలో నాలుగు వారాల అద్దె లేనే లేదు.

బెర్లిన్‌లో విషయం ఇంకా లోతైనది. అక్కడ అద్దెకు రెండు పేర్లున్నాయి. కాల్ట్‌మీటె అంటే ఉత్త ఇంటి అద్దె. దానికి హీటింగ్, నీళ్లు, చెత్త, బిల్డింగ్ నిర్వహణ లాంటి ఖర్చులు కలిపితే వార్మ్‌మీటె. కరెంటు, ఇంటర్నెట్ మామూలుగా అందులోనూ ఉండవు. పోలిక సైట్లలో చాలావాటికి అంకెలు ఇచ్చేది మనలాంటి జనమే. ఒకరు మొదటిది రాస్తారు, ఇంకొకరు రెండోది రాస్తారు, సగటులో రెండూ కలిసిపోతాయి. పదేళ్లుగా అదే ఇంట్లో ఉంటూ పాత అగ్రిమెంట్ మీద తక్కువ కడుతున్నవారి అంకె కూడా అందులోనే ఉంటుంది. కొత్తగా దిగేవాడికి ఆ ధర దొరకదు. నాకు కనిపించిన ప్రకటనలన్నీ సైట్ చెప్పినదానికంటే బాగా ఎక్కువే.

గదుల లెక్క కూడా వేరు. అక్కడ రెండు గదుల ఇల్లంటే ఒక హాలు, ఒక బెడ్‌రూమ్. వంటగది, బాత్‌రూమ్ లెక్కలోకి రావు. రెండు బెడ్‌రూమ్‌లు వస్తాయనుకుని నేను రెండు వారాలు వృథాగా తిరిగాను. వంటగది అన్నాను కదా, నేను చూసిన ఒక ఫ్లాట్‌లో గోడకి పైపులు తప్ప సింక్ కూడా లేదు. జర్మనీలో అది వింతేమీ కాదు. స్టవ్, అల్మరాలు మనమే కొనుక్కోవాలి, లేదా ఖాళీ చేసేవారి దగ్గర తీసుకోవాలి. ఆ ఖర్చు ఏ పోలికలోనూ నాకు కనిపించలేదు. డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటె దాకా అడగొచ్చు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టమే ఇస్తుందని మాత్రం మొత్తం ఒకేసారి కట్టేశాక ఒక సహోద్యోగి చెబితే తెలిసింది. ముందే తెలిసుంటే ఆ నెల అప్పు చేసేవాణ్ణి కాదు.

దుబాయ్‌లో అద్దె ఏడాదికి చెబుతారు, రాబోయే నెలల తేదీలు వేసిన చెక్కులిచ్చి కడతారు. చెక్కులు ఎంత తక్కువైతే ఓనరు అద్దె అంత తగ్గిస్తాడు. ఇది కాక ఏడాది అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు నెలలవారీగా కరెంటు, నీళ్ల బిల్లుతో కలిసి వస్తుంది. సైట్ చూపించిన నెల అద్దె లెక్కకు దగ్గరగానే ఉంది, కానీ మొదటి రోజు చేతిలో ఎంత ఉండాలో అది చెప్పదు. కొత్త దేశంలో మనిషిని కుంగదీసేది ఆ మొదటి రోజే.

అందుకే ఇప్పుడు సైట్ అంకెను ఒక్క పనికే వాడతాను: ఆ నగరం నేనున్న ఊరికంటే ఎన్ని రెట్లు ఖరీదో తెలుసుకోవడానికి. తర్వాత ఆఫీసుకు ముప్పావు గంట దూరంలో ఆ వారం ఖాళీగా ఉన్న పది ఇళ్ల ప్రకటనలు తీసి, ప్రతిదాన్నీ ఒకే కొలతలోకి మారుస్తాను. నెల అద్దె, బిల్లులు, స్థానిక పన్ను, సామాను ఉందా లేదా, చదరపు మీటర్లు. దిగే రోజు కట్టాల్సిన మొత్తానికి వేరే గడి పెడతాను. అన్నీ అక్కడి డబ్బులోనే రాసి, అక్కడ చేతికొచ్చే జీతంతోనే పోలుస్తాను. సొంత కరెన్సీలోకి మార్చి చూస్తే, మారకం రేటు కదిలినప్పుడల్లా అద్దె పెరిగినట్టో తగ్గినట్టో కనిపిస్తుంది.

ఈసారి ఆఫర్ లండన్ నుంచి. అక్కడ డిపాజిట్ మామూలుగా ఐదు వారాల అద్దె మించకూడదని 2019 నుంచి చట్టం ఉంది, అది ఊరట. కౌన్సిల్ టాక్స్ అనే స్థానిక పన్ను మాత్రం మామూలుగా అద్దెలో కలవదు, అద్దెకున్నవారే వేరుగా కట్టాలి. ఆ పది ఇళ్లూ షీట్‌లోకి ఎక్కించాను. మొదటి నెల అద్దె, డిపాజిట్ కలిపి చూస్తే నా దగ్గరున్నది చాలదు. అందుకే సంతకం పెట్టకముందే జీతంలో కొంత అడ్వాన్స్ ఇవ్వమని హెచ్‌ఆర్‌కి రాశాను, ఆ షీట్ కూడా జత చేసి.