బాబు సెట్, పాప సెట్: రంగు చూసి కొంటే నష్టమే

వరంగల్ జేపీఎన్ రోడ్డు కానీ, హన్మకొండ చౌరస్తా కానీ, పసిపిల్లల బట్టల దుకాణం మెట్టెక్కగానే వినపడేది ఒకటే ప్రశ్న: "బాబా అక్కా, పాపా?" బాబైతే నీలం డబ్బా, పాపైతే గులాబీ డబ్బా. పైన ప్లాస్టిక్ మూత, లోపల పది పదమూడు పీసులు. బ్రాండును బట్టి ఐదారు వందల నుంచి పదిహేను వందల దాకా పలుకుతుంది.

కాన్పుకు ముందే కొనేవాళ్ల దగ్గర ఆ ప్రశ్నకు జవాబుండదు. స్కానింగ్‌లో ఆడో మగో చెప్పడం 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద నేరం. మొదటిసారి దొరికినా 3 ఏళ్ల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా. అయినా నీలం డబ్బా ముందే కొనుక్కుపోయేవాళ్లు ఉన్నారు. కడుపు ముందుకు పొడుచుకొచ్చింది కాబట్టి కొడుకేనట! పొట్ట కండరాల బిగువు, లోపల పసికందు పడుకున్న తీరు, ఎన్నో కాన్పు అన్నది, ఇవే కడుపు ఆకారాన్ని మారుస్తాయి.

రెండు డబ్బాలకూ తేడా రంగొక్కటే అయితే పెద్ద పట్టింపు లేదు. విప్పి చూస్తే సంగతి వేరు. నీలం డబ్బాలో చాలావరకు ముందు తెరుచుకునే జుబ్బాలు, మెత్తటి ప్యాంట్లు, టోపీ. గులాబీ డబ్బాలో జుబ్బాలు తగ్గి నెట్ గౌను, శాటిన్ రిబ్బన్, ఎలాస్టిక్ చెడ్డీ, తలకు పూల బ్యాండ్ చేరతాయి. ఫొటోకు బాగుంటాయి, కాదనం. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే ఊళ్లో నెట్ కుట్లు మెడకింద, చంకల్లో రాసుకుని చెమటకాయలు లేస్తాయి. ఎనుమాముల మార్కెట్‌కు లారీలకొద్దీ పత్తి దిగే ఊళ్లో పాపకు మాత్రం పాలిస్టర్!

డబ్బా మీద "కాటన్" అని రాసి ఉన్నా నమ్మొద్దు. లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగి, బయటికొచ్చి అగ్గిపుల్ల అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టరైతే ముడుచుకుపోయి గట్టి పూసలా అవుతుంది. రంగు సంగతి తేలాలంటే తడి తెల్లగుడ్డతో ఒక నిమిషం రుద్దాలి. ముదురు నీలం, ఎరుపు అంటుకుంటే పక్కన పెట్టేయండి.

ఎలాస్టిక్ నడుముతో ఇంకో చిక్కుంది. బొడ్డు ఊడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా దాని మీద రాపిడి, తడి ఉండకూడదు. అందుకే లంగోటీని బొడ్డు కిందికి మడవాలి. పక్కన ముడివేసే జుబ్బా దీనికి సరిపోతుంది, తల మీదుగా లాగే పనీ ఉండదు. తల బ్యాండ్ అయితే అసలొద్దు. నిద్రలో జారి ముక్కు మీదికి వస్తే పసిది చేత్తో తీసుకోలేదు. చేతి తొడుగులను తిరగేసి లోపలి దారాలు కత్తిరించాలి. పోగు వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది. రెండు డబ్బాల్లోనూ వచ్చే చిన్న దిండు ఏడాది దాకా పడకలో పెట్టకూడనిదే.

ఇంకొక మాట. మన ఇళ్లలో చాలాచోట్ల 21వ రోజు తొట్టెల దాకా కొత్తబట్ట కట్టరు, ఇంట్లో పెరిగిన పిల్లల పాతబట్టలే కడతారు. ఆలోపు పసిపిల్ల పెరుగుతుంది, డబ్బాలోని జీరో సైజు బిగుతవుతుంది. పాతబట్ట మంచిదే, ఉతికి ఉతికి మెత్తబడి ఉంటుంది. ప్రమాదమల్లా పెట్టెలో వేసిన కలరా ఉండలు. జీ6పీడీ (ఎర్రరక్తకణాలను కాపాడే ఎంజైము) లోపమున్న పిల్లలకు ఆ వాసన తగిలితే ఎర్రరక్తకణాలు చితికి కామెర్లు ముదురుతాయి. ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కనుక మగపిల్లల్లోనే ఎక్కువ. ఆడా మగా అన్న లెక్క నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోట. అయినా జాగ్రత్త ఇద్దరికీ ఒకటే: ఆ పెట్టెలోని బట్టలు పసివాళ్లకు కట్టకపోవడం. కొత్తవైనా, పాతవైనా మామూలు సబ్బుతో ఉతికి, రెండుసార్లు జాడించి, ఎండలో ఆరేయాలి.

డబ్బా వదిలేసి విడిగా కొంటే: తెల్లవి, లేత పసుపువి ముడి జుబ్బాలు 8, అందులో సగం జీరో సైజు, సగం ఒకటో నంబరు. నూలు లంగోటీలు 24, వానాకాలమైతే ఇంకో డజను, ఎందుకంటే ఆరవు. చుట్టడానికి పల్చటి మల్లుగుడ్డలు 4, తువ్వాళ్లు 2, దోమతెర ఒకటి. టోపీ చలికాలానికి, తక్కువ బరువుతో పుట్టినవాళ్లకు. ఈ రంగులు రెండో కాన్పుకూ పనికొస్తాయి, ఎవరు పుట్టినా సరే.

పోల్చి చూడాలంటే, 2017లో తెలంగాణ సర్కారు దవాఖానాల్లో కాన్పయినవాళ్లకు ఇవ్వడం మొదలైన తల్లీపిల్లల సామాన్ల కేసీఆర్ కిట్ ఈ విషయంలో నయంగా ఉండేది. కిట్ అందరికీ ఒకటే ఉండేది. తేడా పెట్టింది నగదులో: కొడుకు పుడితే 12,000 రూపాయలు, ఆడబిడ్డ పుడితే 13,000.

మా మార్కు: నీలం డబ్బాకు 5కు 2.5, గులాబీ డబ్బాకు 1.5. కానుకగా ఇవ్వక తప్పదంటే సీలు విప్పకుండా ఇవ్వండి. రంగు, సైజు మార్చిస్తామని బిల్లు మీదే రాయించుకోండి. నోటిమాటగా "మారుస్తం తీయ్ అక్కా" అన్నవాళ్లే సీలు తెగిన డబ్బాను ముట్టుకోరు.