మైలేజీ ఎక్కడ పోతోందో కొలిచి చూపించిన షెడ్డు – విజయనగరం

విజయనగరం నుంచి గజపతినగరం వెళ్లే దారిలో, ఇళ్లు పలచబడిన చోట, రేకుల కప్పు కింద నడుస్తున్న ఒక లారీ మరమ్మతు షెడ్డు గురించి రాస్తున్నాను. పేరు రాయవద్దని మేస్త్రి గారే కోరారు. ఇప్పటికే వచ్చే బండ్లకు చోటు చాలడం లేదని ఆయన చెప్పిన కారణం నిజమే. నేను వెళ్లిన రోజున నా బండి రెండు గంటలసేపు రోడ్డు వారనే నిలబడింది. లారీ స్టాండులో ఎవరిని అడిగినా దారి చెబుతారు.

నాది 2018లో కొన్న 10 చక్రాల లారీ, బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం) ఇంజను. విశాఖపట్నంలో సరుకు ఎత్తుకుని విజయనగరం, సాలూరు, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ చేరి, అక్కడ దొరికిన తిరుగు లోడుతో వస్తుంది. రానూపోనూ దాదాపు 1,100 కిలోమీటర్లు. ఏళ్ల తరబడి ఈ దారిలో లీటరుకు 4.2 కిలోమీటర్లు ఇచ్చిన బండి మూడు నెలల్లో మెల్లమెల్లగా 3.5కు దిగింది. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది గాని, ట్రిప్పుకు 52 లీటర్లు అదనంగా తాగుతోందన్న మాట. లీటరు అప్పటి 97 రూపాయల లెక్కన 5,000 రూపాయల పైచిలుకు. నెలకు నాలుగు ట్రిప్పులు తిరిగే బండికి ఇది వాయిదా సొమ్ములో మంచి భాగం.

షెడ్డుకు వెళ్లే ముందు నేను రెండు తప్పులు చేశాను. మొదటిది, ఒక పెద్ద సర్వీసు కేంద్రంలో బండిని అప్పగించి, వారు ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లే కారణమని చెప్పగానే సరేనన్నాను. నాజిళ్లు విప్పి శుభ్రం చేసి, ఫిల్టర్లు మార్చి, 38,000 రూపాయల బిల్లు చేతికిచ్చారు. తరువాతి ట్రిప్పులో మైలేజీ అంగుళం కూడా కదలలేదు. రెండవ తప్పు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నా దగ్గర తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న డ్రైవరు దారిలో డీజిల్ తీసి అమ్ముతున్నాడేమోనని అనుమానించాను. నోటితో అనలేదు గాని, ట్యాంకు మూతకు కొత్త తాళం వేయించాను. ఆయన వయసులో నాకన్నా పెద్దవాడు. ఆ తాళం వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా బండి ఎక్కాడు.

ఈ షెడ్డులో మొదటి రోజు పానా పట్టలేదు. మేస్త్రి గారు ఒక స్కూలు నోటుపుస్తకం తెరిచి ప్రశ్నలు అడిగారు. డీజిల్ ఏ బంకులో పోయిస్తారు, ట్యాంకు నిండా పోయించి మళ్లీ నిండా పోయించే వరకు లెక్క కడతారా, బంకు దగ్గర బండి ఏటవాలుగా నిలబడుతుందా, టైర్లు ఎప్పుడు మార్చారు. ఏటవాలు సంగతి ఎందుకని అడిగితే, పెద్ద ట్యాంకు ఒక పక్కకు వాలితే పైన గాలి మిగిలిపోయి లెక్కలో అయిదారు లీటర్లు అటూ ఇటూ అవుతాయని, ఒక్క ట్రిప్పు అంకెను నమ్మరాదని చెప్పారు.

టైర్ల దగ్గర ఆయన ఆగారు. వెనుక ఎనిమిది టైర్లూ మూడు నెలల క్రితమే కొత్తవి వేయించాను. ‘బాబూ, మీ లెక్కలో కొంత మీటరు తిన్నది’ అన్నారు. కొత్త టైరుకు, అరిగిన టైరుకు గాడి లోతులో సుమారు 13 మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే ఆ తేడా 8 సెంటీమీటర్ల పైమాటే. మా టైరు చుట్టుకొలత 3.2 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి అది రెండున్నర శాతం. మీటరు చక్రం చుట్లనే లెక్కపెడుతుంది గనుక, అరిగిన టైర్ల మీద కిలోమీటర్లు ఎక్కువగానూ కొత్త టైర్ల మీద తక్కువగానూ చూపిస్తుంది. అంటే నేను గొప్పగా చెప్పుకున్న 4.2 నిజానికి 4.1 దాకానే ఉండవచ్చు. పైగా లోతైన గాడులున్న కొత్త టైరు దొర్లడానికి కొంచెం ఎక్కువ బలం అడుగుతుందని, అందువల్ల టైర్లు కొంత అరిగే దాకా పాత అంకె మీద ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పారు. పని మొదలుకాకముందే ఆశను తగ్గించిన మెకానిక్కును నేను చూడడం అదే మొదటిసారి.

రెండవ రోజు లోడు బండినే గజపతినగరం దాకా నడిపించి తెచ్చారు. షెడ్డు దగ్గరకు వచ్చేటప్పుడు బ్రేకు తొక్కకుండా, గేర్లు తగ్గించుకుంటూ ఆపమన్నారు. ఆగీ ఆగగానే ఒక కుర్రాడు దూరం నుంచి వేడి కొలిచే పరికరంతో ప్రతి చక్రం డ్రమ్ము మీదా గురిపెట్టి అంకెలు చదివాడు. మిగిలినవన్నీ 70 డిగ్రీల చుట్టుపక్కల ఉండగా, మధ్య ఇరుసు ఎడమ డ్రమ్ము 140 దాటింది. బ్రేకు వదిలినా డ్రమ్మును పట్టే లైనరు పూర్తిగా వెనక్కి రావడం లేదు. లోపల లైనరును తోసే కామ్ షాఫ్టు బుష్షు తుప్పు పట్టి బిగుసుకుంది. ఎవరో వెనుక నుంచి బండిని పట్టి లాగుతుంటే ముందుకు నడిపినట్టే ఇన్నాళ్లూ నడిపాం.

తరువాత ఇంజను. ఇక్కడ వారు చేసిన పనిని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను డబ్బు పెట్టింది దీనికే. ఇంజను కంప్యూటరును చదివే స్కానరు తగిలించి, బండి నడుస్తుండగా వచ్చే అంకెలను చూశారు. ఎండలో లోడుతో 30 కిలోమీటర్లు నడిచినా నీటి వేడి 68 డిగ్రీలు దాటలేదు. 80 దాటి నిలకడగా ఉండవలసింది. నీటి వేడిని అదుపు చేసే థర్మోస్టాటు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. బండి వేడెక్కకపోతే మంచిదేగా అని నేను అనుకునేవాడిని. చల్లగా ఉన్న ఇంజనుకు కంప్యూటరు ఎక్కువ డీజిల్ పంపుతుందని, ఆయిలు చిక్కగా ఉండి లోపలి రాపిడి కూడా పెరుగుతుందని అప్పుడు తెలిసింది.

ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనుకు గాలిని ఒత్తి పంపే టర్బో నుంచి రావలసిన గాలి ఒత్తిడి, వస్తున్న ఒత్తిడి రెండూ స్కానరులో పక్కపక్కనే కనిపించాయి. రెండోది బాగా వెనుకబడింది. టర్బో పోయిందనే మాట కోసం నేను గుండె చిక్కబట్టుకుని ఎదురుచూశాను. వారు టర్బోను ముట్టుకోలేదు. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరు దారికి రెండు వైపులా మూతలు బిగించి, గాలి నింపి, గేజీ చూశారు. ముల్లు గబగబా పడిపోయింది. సబ్బు నీళ్లు చల్లితే కింది హోస్ పైపు క్లాంపు దగ్గర నురుగు పొంగింది. పైనుంచి చూస్తే కనిపించని వైపు రబ్బరు చీలి ఉంది. సాలూరు, కోరాపుట్ మధ్య కొండదారి అయిన సుంకి ఘాటులో బండి లాగడం లేదని, ఒక గేరు తక్కువలో ఎక్కించవలసి వస్తోందని డ్రైవరు నాకు రెండుసార్లు చెప్పాడు. నేను దాన్ని డీజిల్ సంగతికి ముడిపెట్టుకోలేదు.

నాజిళ్ల విషయం కూడా అడిగాను. వాటి నుంచి తిరిగి వచ్చే డీజిల్‌ను కొలపాత్రలో పట్టి నిమిషానికి ఎంత వస్తోందో చూశారు, స్కానరులో ఆరు సిలిండర్లకూ తేడా లేదని చూపించారు. విప్పవలసిన పని లేదన్నారు. నా 38,000 రూపాయలు అక్కడ మరోసారి కళ్ల ముందు కదిలాయి.

చివరి అంకె నాకు గట్టిగా తగిలింది. ఇంజను కంప్యూటరు ఇప్పటి దాకా ఎంత డీజిల్ కాల్చిందో, ఎన్ని గంటలు బండి కదలకుండా నడిచిందో దాచిపెట్టుకుంటుంది. గత ట్రిప్పులో అది లెక్కగట్టిన డీజిలుకూ నా బంకు చీటీలకూ రెండు మూడు శాతం మించి తేడా లేదు. డీజిల్ బయటికి పోలేదు. అయితే బండి ఆగి ఉండి ఇంజను నడిచిన గంటలు మొత్తంలో మూడో వంతుకు దగ్గరగా ఉన్నాయి. ఎందుకని మేస్త్రి గారు డ్రైవరును అడిగితే ఆయన నా వైపు చూడకుండానే జవాబు చెప్పాడు: ‘బ్యాటరీలు బలహీనం అండి, లోడింగు లైనులో ఆపితే సెల్ఫ్ అందుకోదు, వెనక బండ్లవాళ్లు తిడతారు.’ బ్యాటరీలు మార్చమని ఆయన సంక్రాంతి ముందు నుంచీ అడుగుతున్నాడు. ఆగి ఉన్నప్పుడు గంటకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు కాలుతుంది. వచ్చే నెల, వచ్చే నెల అంటూ నేను మిగిల్చుకున్నది అక్కడ కరిగిపోయింది.

డ్రమ్ము పని, థర్మోస్టాటు, హోస్ పైపు, క్లాంపులు, పరీక్షల కూలీ 3,500, అన్నీ కలిపి 16,400 రూపాయలు అయింది. బ్యాటరీలు బయట కొన్నాను. పరీక్షకు విడిగా డబ్బు తీసుకోవడం కొందరికి నచ్చదని విన్నాను. నాకు మాత్రం విప్పి బిగించే కూలీ కన్నా ఆ 3,500 సబబుగా తోచింది. బండిలో కలిపే మైలేజీ మందు సీసాలు, డీజిల్ పైపుకు తగిలించే అయస్కాంతాలు ఇక్కడ అమ్మరు. అడిగితే నవ్వుతారు.

మరమ్మతు తరువాత మొదటి ట్రిప్పులో 3.9, రెండవ దానిలో 4.0 వచ్చింది.

లోపాలు లేకపోలేదు. ఒక రోజు అన్న పని మూడు రోజులు పట్టింది. ఫోను ఎత్తరు. వాన పడితే ఆవరణ అంతా బురద, డ్రైవరు నడుం వాల్చడానికి బల్ల కూడా లేదు. నోటుపుస్తకం కాగితం మీద అంకెలన్నీ వివరంగా రాసిస్తారు గాని, జీఎస్టీ బిల్లు కావాలంటే మరునాడు మళ్లీ వెళ్లాలి. బీఎస్-6 బండ్ల వారు ఒక విషయం గమనించాలి. వాటి పొగ గొట్టంలోని మసి వడపోత మాటిమాటికీ తనను తాను కాల్చి శుభ్రం చేసుకుంటుంటే అందుకూ డీజిలే ఖర్చవుతుంది. ఆ పనిని పూర్తిగా చూడగల స్కానరు తమ దగ్గర లేదని, కంపెనీకే వెళ్లమని వీరు దాపరికం లేకుండా చెబుతారు. మిగిలిన పరీక్షలు ఆ బండ్లకూ చేస్తారు.

సాలూరు లారీల ఊరు. అక్కడ పేరున్న మేస్త్రులు చాలామంది ఉన్నారు, నా బండి బాడీ పని ఇప్పటికీ అక్కడే చేయిస్తాను. మైలేజీ విషయానికి మాత్రం ఇకపై ఇక్కడికే వస్తాను. అమావాస్య నాడు షెడ్డు మూసి ఉంటుంది. సిరిమానోత్సవం రోజుల్లో పట్టణంలోకి లారీ తేవడం వృథా. లోడు బండితోనే వెళ్లండి, ఖాళీ బండిని వారు పరీక్షకు తీసుకోరు. మూడు నెలల బంకు చీటీలు వెంట పెట్టుకోండి, డ్రైవరును తప్పక తీసుకువెళ్లండి. ట్యాంకు మూత తాళం నేను తీయించేశాను.