పుయెర్తో మాద్రిన్, ట్రెలేవ్: బస ఎక్కడ?

అర్జెంటీనా దక్షిణాన, పటగోనియాలోని చుబుత్ రాష్ట్రానికి వెళ్ళేవారు సాధారణంగా పుయెర్తో మాద్రిన్‌లోనో, అక్కడికి సుమారు 65 కిలోమీటర్ల దూరంలోని ట్రెలేవ్‌లోనో బస చేస్తారు.

సముద్రమే ముఖ్యమనుకుంటే మాద్రిన్‌కు సాటి లేదు. జూన్ నుంచి డిసెంబరు దాకా తిమింగలాలు పిల్లలతో సహా ఒడ్డుకు ఎంత దగ్గరగా వస్తాయంటే, ఎల్ దొరాదియో తీరంలో గులకరాళ్ళ మీద కూర్చుని, పడవ ఎక్కకుండానే వాటి ఊపిరి చప్పుడు వినవచ్చు. 1999లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన వాల్దేస్ ద్వీపకల్పానికి దారి కూడా ఇక్కడి నుంచే.

శిలాజాల విషయంలో మాత్రం ట్రెలేవ్‌దే పైచేయి. సుమారు 37 మీటర్ల పొడవుండేదని అంచనా వేసిన పటగోటైటన్ అనే డైనోసార్‌ను తవ్వి తీసినవారు ఇక్కడి ఎగిదియో ఫెరుగ్లియో మ్యూజియం పరిశోధకులే. దాని తొడ ఎముక ఒక్కటే దాదాపు 2.4 మీటర్లు, అంటే నిలువెత్తు మనిషి కూడా దాని పక్కన పొట్టివాడే. పెంగ్విన్ల పుంతా తోంబోకు కూడా ట్రెలేవే దగ్గర.

వలసవారి వారసత్వాన్ని రెండు ఊళ్ళూ పంచుకున్నాయి. 1865 జులై 28న 'మిమోసా' ఓడలో సుమారు 150 మంది వేల్స్ వాసులు దిగింది మాద్రిన్ తీరంలోనే అయినా, వారు కాలువలు తవ్వి, గోధుమ పండించి స్థిరపడింది చుబుత్ నది లోయలో. ట్రెలేవ్ పక్కనున్న గైమన్‌లో ఎండుపండ్లు దట్టించిన నల్ల కేకు, ఊలు తొడుగు వేసిన టీ కెటిల్ నేటికీ బల్ల మీదికి వస్తాయి. తిమింగలాలు లేని జనవరిలోనైతే నా ఓటు ట్రెలేవ్‌కే.