క్లెయిముల గుమాస్తా చూసిన వెబ్‌సైటు: లెగసీస్ ఆఫ్ బ్రిటిష్ స్లేవరీ

ముప్పై ఒక్క ఏళ్ళు బీమా కంపెనీలో క్లెయిముల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఫైలు తెరవగానే నా కళ్ళు నాలుగు చోట్లకి వాటంతటవే పోతాయి: ఎవరు అడిగారు, దేనికి అడిగారు, ఎవరు అడ్డుపడ్డారు, చివరికి చెక్కు ఎవరి పేరు మీద వెళ్ళింది. మొన్నామధ్య మా మేనకోడలు "మావయ్యా, నీకు సరిపోయే సైటొకటి దొరికింది" అని లింకు పంపింది. పెన్షన్ గొడవేదో అనుకుని తెరిచాను. చూస్తే 1830ల నాటి క్లెయిములు. లారీలవి కాదు, గోడౌన్లవి కాదు. మనుషులవి.

యూనివర్సిటీ కాలేజ్ లండన్ చరిత్రకారులు కూర్చిన సైటు ఇది. 2013 నుంచి జనానికి అందుబాటులో ఉంది, పైసా కట్టక్కర్లేదు. బ్రిటన్ 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం తెచ్చినప్పుడు, యజమానుల "ఆస్తి" పోతోంది కాబట్టి వాళ్ళకి 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. ఆ రోజుల్లో అది ప్రభుత్వ ఏడాది ఖర్చులో దాదాపు 40 శాతం. పంచడానికి ఒక కమిషన్ వేశారు. విడుదలైన దాదాపు 8 లక్షల మందికి ఒక్క పెన్నీ కూడా ఇవ్వలేదు. ఆ కమిషన్ ముందుకొచ్చిన క్లెయిములు ఎవరివి, ఏ కాలనీవి, ఎంతమంది మనుషుల మీదవి, ఎంత ముట్టింది అన్న వివరాలన్నీ ఇప్పుడు ఈ సైటులో పేరు కొట్టి చూసుకోవచ్చు.

నేను మొదట కొట్టిన పేరు గ్లాడ్‌స్టన్. బ్రిటన్‌కి నాలుగుసార్లు ప్రధాని అయిన విలియం గ్లాడ్‌స్టన్ కాదు, ఆయన తండ్రి జాన్, లివర్‌పూల్ వ్యాపారి. డెమెరారాలో (ఇప్పటి గయానాలోది), కరీబియన్ దీవి జమైకాలో ఆయనకున్న తోటల క్లెయిములన్నీ కలిపితే 2,508 మంది బానిసల మీద 1,06,769 పౌండ్లు అని లెక్క చెబుతారు. పాత అలవాటు, క్యాలిక్యులేటర్ తీసి భాగించాను. తలకి 42 పౌండ్ల చిల్లర. తర్వాత ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ బిషప్ హెన్రీ ఫిల్పాట్స్. జమైకాలో 665 మంది మీద సుమారు 12,700 పౌండ్లు. తలకి 19 పౌండ్ల పైన. ఒకే చట్టం, ఒకే కమిషన్, మనిషికీ మనిషికీ సగానికి సగం తేడా ఎందుకొచ్చిందా అని కాసేపు బుర్ర గోక్కున్నాను. 1830తో ముగిసిన ఎనిమిదేళ్ళలో ఏ కాలనీలో మనుషులు సగటున ఎంతకి అమ్ముడుపోయారో చూసి, దాన్నిబట్టి వాటాలు కట్టారట. అంటే మార్కెట్ రేటు. మా సర్వేయర్లు పాత కారుకి విలువ కట్టే పద్ధతే.

ఈ బిషప్ గారి విషయంలోనే సైటు మీద నాకు నమ్మకం కుదిరింది. "బిషప్‌కి బానిసలు" అని జనం ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రికార్డు లోపలికి వెళితే ఆయన ఎర్ల్ ఆఫ్ డడ్లీ అనే ప్రభువు వీలునామా అమలు చేసే బాధ్యతలో, మరో ముగ్గురితో కలిసి క్లెయిము వేశాడని తెలుస్తుంది. సొంత జేబుకి, ట్రస్టు ఖాతాకి తేడా ఉంటుంది. ఎవరు ఏ హోదాలో డబ్బు తీసుకున్నారో ఇందులో విడిగా చూపించారు: సొంతదారు, తాకట్టు పెట్టుకున్నవాడు, ధర్మకర్త, వీలునామా అమలుదారు. అడిగి ఓడిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. తోట మీద అప్పిచ్చిన వర్తకులు, ఏటా భత్యం రావాల్సిన విధవరాళ్ళు అంతా వచ్చి మా వాటా అంటే మా వాటా అని పడ్డారు. నామినీ తగాదాలు చూసి చూసి విసిగిన నాకే ముచ్చటేసింది. ఇంకో సంగతి, క్లెయిము వేసినవాళ్ళలో ఆడవాళ్ళు చాలామందే.

ఆనాటి విలువ కట్టే ఫారం గురించి చదివాక మాత్రం ఆ పూట అన్నం సరిగ్గా దిగలేదు. మేస్త్రీలు, పనివాళ్ళు, నాసిరకం పనివాళ్ళు, పొలం కూలీలు, నాసిరకం పొలం కూలీలు అని వరసలు. అడుగున రెండు గళ్ళు: 1834 ఆగస్టు 1 నాటికి ఆరేళ్ళు నిండని పిల్లలకి ఒకటి; ముసలివాళ్ళు, రోగులు, మరే విధంగానైనా పనికిరానివాళ్ళు అందరికీ కలిపి ఇంకొకటి. ఆ గళ్ళకీ రేటుంది.

మా లైన్‌లో ఒక సూత్రం ఉంది. బండి పూర్తిగా పోయిందని మొత్తం డబ్బు చెల్లిస్తే, ఆ తుక్కు కంపెనీది. డబ్బూ బండీ రెండూ ఆసామికే వదలరు. ఇక్కడ వదిలారు. చెక్కు ఇచ్చి, పైగా "అప్రెంటిస్‌షిప్" పేరుతో ఆ మనుషుల్నే వారానికి 45 గంటల దాకా కూలి లేకుండా పనిచేయించుకోనిచ్చారు. పొలం పనివాళ్ళకి అది 1840 దాకా సాగాల్సింది, గొడవ ముదిరి 1838లో ఆపేశారు. మనుషుల్ని బండితో పోల్చానని నా మీదికి రాకండి, పోల్చింది ఆ ఫారం.

ఆ డబ్బు ఎక్కడిదంటే, కోటిన్నర పౌండ్లు 1835లో లండన్ ఫైనాన్సర్లు నేథన్ రోత్‌షీల్డ్, మోసెస్ మాంటిఫియోరీ సమకూర్చిన అప్పు. దాని తాలూకు చివరి బాకీ 2015లో తీరింది. అంటే ఆ బానిసల వారసులై కరీబియన్ నుంచి వచ్చి లండన్‌లో బస్సులు నడిపినవాళ్ళ పన్నులో కూడా ఒక వాటా ఈ ఖాతాకే పోయింది.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది డెమెరారాలోని వ్రీడ్-ఎన్-హూప్ తోట. గ్లాడ్‌స్టన్‌దే. ఇక్కడి బానిసల మీద డబ్బు తీసుకున్న ఆసామి, వాళ్ళు రేపు చేజారిపోతారని 1836లోనే కలకత్తాలోని ఒక కంపెనీకి ఉత్తరం రాసి భారతీయ కూలీల్ని అడిగాడు. 1838లో విట్‌బీ, హెస్పరస్ అనే ఓడల్లో ఆ కూలీలు దిగారు, కొందరు ఈ తోటకే. ఈ సైటు పరిధి యజమానుల క్లెయిములు కాబట్టి ఆ కథ విడిగా వెతుక్కోవాలి.

"ఆ బానిసల పేర్లేవి మావయ్యా?" అని మా మేనకోడలు ఫోన్‌లో అడిగింది. ఏ పేజీ తెరిచినా చెక్కు తీసుకున్నవాడికి పేరు, హోదా, ఊరు, వంశం. మిగతావాళ్ళకి ఒక అంకె. సైటు కట్టినవాళ్ళని అనడానికి లేదు, క్లెయిము ఫైలు స్వభావమే అంత. మా రికార్డు రూములోనూ చెక్కు పుచ్చుకున్నవాడి సంతకమే మూడుచోట్ల ఉండేది. పేర్లు కావాలంటే అంతకుముందే కాలనీల్లో రాసిన బానిసల రిజిస్టర్లు చూడాలి. అవి లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

నా మార్కులు అయిదుకి అయిదు. వెతికేటప్పుడు ఒక్క జాగ్రత్త: తండ్రికీ కొడుక్కీ మనవడికీ ఒకే పేరు పెట్టుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. కాలనీ, క్లెయిము నంబరు పక్కన కాగితం మీద రాసుకుని కూర్చోండి. నేను రాసుకోక తాతగారి డబ్బు మనవడి ఖాతాలో వేసి, మర్నాడు పొద్దున్న మళ్ళీ మొదట్నుంచి లెక్క కట్టాను.